సిరీస్ మధ్యలో ఆగిపోయిన సైక్లింగ్ రేసర్ మళ్లీ ఫామ్‌లోకి రావడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి రోడ్డు రేసులకు వెళ్లే కుర్రవాళ్లూ, వాళ్ల తల్లిదండ్రులూ కొంతకాలంగా నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "సిరీస్‌లో రెండు రేసులు అయ్యాయి, ఆ తర్వాత జ్వరం వచ్చి పది రోజులు సైకిల్ ఎక్కలేదు, మూడో రేసుకు తొమ్మిది రోజులే ఉంది, ఇప్పుడు ఏం చేయాలి?" జ్వరం బదులు కొందరికి పరీక్షలు, కొందరికి కింద పడి తగిలిన దెబ్బ, ఇంకొందరికి ఇంట్లో అక్క పెళ్లి. కారణాలు వేరైనా నా సమాధానం దాదాపు ఒకటే: పోయిన పది రోజుల సాధనను ఈ తొమ్మిది రోజుల్లోకి కుక్కకండి. మూడో రేసును సాధనగా వాడుకుని, నాలుగు, ఐదు రేసులకు ఫామ్ అందేలా లెక్క వేసుకోండి. ఆ లెక్క ఎలా వేయాలో కింద వరుసగా రాస్తున్నాను.

సిద్ధాంతం ఒక్క పేరాలో ముగిస్తాను. సాధన ఆపిన మొదటి రెండు వారాల్లో ప్రధానంగా తగ్గేది రక్తంలోని ద్రవభాగం. అందువల్ల అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసం ముందే వస్తుంది. ఇది పోయినంత త్వరగానే తిరిగి వస్తుంది. పది సెకన్ల స్ప్రింట్ బలం అంత తేలికగా పోదు. మూడు, నాలుగు వారాలు దాటి ఆగితే మాత్రం కండరాల ఓర్పు కూడా తగ్గుతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి ఆగిన కాలానికి సమానమైన కాలమైనా పడుతుందని అనుకుని ప్రణాళిక వేసుకోవడం మేలు.

కావలసినవి

ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ పట్టీ, దాన్ని చూపించే ఏదైనా మీటరు, ఇంట్లో బరువు చూసుకునే యంత్రం, ఒక నోటు పుస్తకం, స్కేలు, గాలి ఒత్తిడి చూపించే ఫ్లోర్ పంపు, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్ఎస్ పొట్లాలు, సిరీస్ నిబంధనల ప్రతి. పవర్ మీటరు (పెడల్ మీద కాళ్లు పెట్టే బలాన్ని కొలిచే పరికరం) ఉంటే మంచిదే, లేకపోతే దాని కోసం అప్పు చేయనవసరం లేదు. ఇండోర్ ట్రైనర్ (సైకిల్‌ను బిగించి ఇంట్లోనే తొక్కే స్టాండు) దొరికితే వానాకాలంలోనూ, చేతికి కట్టు ఉన్నప్పుడూ పనికి వస్తుంది.

1. ఎందుకు ఆగారో తేల్చుకుని, వైద్యుని అనుమతి తీసుకోండి

జ్వరం తగ్గడం, రేసు చేయగలగడం రెండూ వేరు. మందు వేసుకోకుండా కనీసం రెండు మూడు రోజులు జ్వరం లేకుండా ఉండి, ఆకలి, నిద్ర మామూలు స్థితికి వచ్చాకే సైకిల్ ఎక్కండి. డెంగీ వచ్చినవారు ప్లేట్‌లెట్లు పెరిగాయని చెప్పగానే సాధన మొదలుపెడుతున్నారు. ఆ ఒక్క అంకెను అనుమతిగా భావించవద్దు. వైరల్ జ్వరం తర్వాత సైకిల్ తొక్కుతుండగా ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం, మునుపు లేని ఆయాసం కనిపిస్తే అక్కడికక్కడే ఆగి, ఈసీజీ తీయించుకునేదాకా మళ్లీ ఎక్కవద్దు. గుండె కండరానికి వాపు వచ్చే అవకాశం అరుదైనదే, అయినా తేలికగా తీసుకోదగినది కాదు.

కింద పడి తలకు దెబ్బ తగిలినవారు ఎంత బాగున్నట్టు అనిపించినా వైద్యుని అనుమతి లేకుండా గుంపులో తొక్కకూడదు. జత్రు ఎముక (మెడ కింద భుజం దాకా ఉండే కాలర్ బోన్) విరిగినవారికి అది అతకడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఈలోగా వైద్యుడు ఒప్పుకుంటే ట్రైనర్ మీద నిటారుగా కూర్చుని తొక్కవచ్చు.

ఇక్కడ రెండు హెచ్చరికలు చేయాలి. మొదటిది సెలైన్ గురించి. నీరసంగా ఉందంటే ఊళ్లో ఒక సీసా సెలైన్ ఎక్కించడం మన వైపు అలవాటు. డోపింగ్ నిరోధక నియమాల ప్రకారం 12 గంటల్లో మొత్తం 100 మిల్లీలీటర్లకు మించి సిర ద్వారా ఎక్కించుకోవడం నిషిద్ధం. ఆసుపత్రిలో చికిత్స, శస్త్రచికిత్స, రోగ నిర్ధారణ పరీక్షల్లో భాగంగా ఇచ్చినదానికి మాత్రమే మినహాయింపు ఉంది కాబట్టి, నిజంగా ఆసుపత్రిలో చేరినవారు కాగితాలన్నీ భద్రపరచుకోవాలి. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా రేసు సమయంలో పరిమితి దాటితే నిషిద్ధమే. అందుకే ఏ మందు వేసుకున్నా పేరు నోటు పుస్తకంలో రాసిపెట్టి, జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ జాబితాతో సరిచూసుకోండి.

రెండోది నొప్పి మాత్రలు. రేసుకు ముందు ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుని ఎండలో నాలుగు గంటలు తొక్కితే, ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో ఆ మందుల భారమంతా కిడ్నీల మీద పడుతుంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఉద్దానం పల్లెల్లో కిడ్నీ జబ్బు ఏం చేసిందో చూస్తూ పెరిగిన మనకు ఈ మాట రెండోసారి చెప్పవలసిన అవసరం ఉండకూడదు. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఈ మాత్రలు రక్తస్రావానికి దారితీస్తాయి, అప్పుడు అసలే ముట్టకూడదు.

2. ఏ రేసు కోసం తయారవుతున్నారో నిర్ణయించుకోండి

నిబంధనల్లో ముందు చూడవలసింది సిరీస్ పాయింట్ల మీద నడుస్తుందా, మొత్తం సమయం మీద నడుస్తుందా అన్నది. పాయింట్ల సిరీసుల్లో సాధారణంగా ఎన్ని రేసుల ఫలితాలు లెక్కలోకి తీసుకుంటారో రాసి ఉంటుంది. ఐదింటిలో ఉత్తమమైన నాలుగు మాత్రమే లెక్కించేటట్లయితే, మీరు జబ్బుపడిన వారం వదిలేయదగిన వారం అవుతుంది. మొత్తం సమయం కూడేటట్లయితే ఒక్క రేసు మధ్యలో మానేసినా సిరీస్ ముగిసినట్టే కనుక, ఆ రోజు గెలవాలన్న ఆశ వదిలి సమయం తక్కువగా పోగొట్టుకోవడమే పనిగా పెట్టుకోవాలి.

తర్వాత మిగిలిన రేసుల మార్గాలు చూడండి. చదును రోడ్డు రేసులో గాలి తగలకుండా గుంపు చాటున దాక్కుని ఫామ్ లేకపోయినా ముగించవచ్చు. ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్‌లో ఆ చాటు ఉండదు. శృంగవరపుకోట నుంచి అనంతగిరి వైపు ఎక్కే ఘాట్ లాంటి మార్గంలో దాక్కునే చోటు అసలే దొరకదు, అక్కడ పాత ఫామ్ రాలేదన్న సంగతి మొదటి మలుపులకే అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి తిరిగి వచ్చే మొదటి రేసు చదునుగా ఉంటే వెళ్లండి, ఘాట్ అయితే వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

3. సైకిల్‌ను ముందు లేపండి

సముద్రపు గాలి తగిలే చోట రెండు వారాలు మూలన పెట్టిన సైకిల్ గొలుసుకు తుప్పు పట్టే ఉంటుంది. తుడిచి నూనె వేయడానికి ముందు అది సాగిందో లేదో కొలవండి. గొలుసును బిగుతుగా ఉంచి, ఒక పిన్ను మధ్య నుంచి స్కేలు పెడితే 12 అంగుళాల గీత దగ్గర మరో పిన్ను మధ్య భాగం సరిగ్గా రావాలి. అది అంగుళంలో పదహారో వంతు దాటి ఉంటే గొలుసు మార్చాలి, లేకపోతే పళ్ల చక్రాలు కూడా అరిగి ఖర్చు పెరుగుతుంది. కింద పడినవారు హెల్మెట్ తప్పకుండా మార్చాలి, పైకి పగులు కనిపించకపోయినా సరే. వెనుక గేరు వేలాడే హ్యాంగర్ వంగిందేమో, హ్యాండిల్‌లో పగుళ్లు ఉన్నాయేమో మెకానిక్‌తో చూపించండి. సీటు ఎత్తు పాతదేనా అని టేపుతో కొలవండి. ఇంట్లో తమ్ముళ్లు ఉన్న చోట అది మారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

4. ఒక కొలత రోడ్డు ఎంచుకుని, అక్కడే పరీక్షించుకోండి

నా దృష్టిలో ఈ పద్ధతికంతటికీ మూలం ఈ మెట్టే, చాలామంది దాటవేసేదీ దీన్నే. ఫామ్ వచ్చిందా లేదా అన్నది మనసును అడిగితే అబద్ధం చెబుతుంది, రోడ్డును అడగాలి.

కూడళ్లు, స్పీడ్ బ్రేకర్లు తక్కువగా ఉన్న ఐదారు కిలోమీటర్ల చదును రోడ్డు ఎంచుకోండి. శ్రీకాకుళంవారికి అరసవల్లి దాటాక శ్రీకూర్మం వైపు, విజయనగరంవారికి నెల్లిమర్ల దాటాక గరివిడి వైపు ఇలాంటి ముక్క ఒకటి వెతికితే దొరుకుతుంది. ఆదివారం అరసవల్లి రోడ్డు భక్తులతో నిండి ఉంటుంది కనుక మామూలు వారపు రోజు తెల్లవారుజామున వెళ్లండి. 16వ నంబరు జాతీయ రహదారి మీద పరీక్షలు వద్దు. లారీల గాలి మీ వేగాన్ని ఉత్తుత్తిగా పెంచుతుంది, లారీలు మీ ఆయుష్షును తగ్గిస్తాయి.

పద్ధతి ఇది. ఇరవై నిమిషాలు తేలికగా తొక్కి ఒళ్లు వేడెక్కించండి. ఆ తర్వాత గుండె వేగాన్ని ఒకే అంకె దగ్గర నిలపండి. మాటలు తెగకుండా చిన్న వాక్యాలు చెప్పగలిగే స్థాయి అది, చాలామంది యువకులకు 140 నుంచి 150 మధ్య ఉంటుంది. అదే అంకెతో ఆ ముక్క చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చి, మొత్తం సమయం రాసుకోండి. రెండు వైపులా తొక్కడం వల్ల గాలి ప్రభావం చాలావరకు సర్దుకుంటుంది. ఆగిన వెంటనే 60 సెకన్లలో గుండె వేగం ఎంత దిగిందో కూడా రాసుకోండి. టైర్లలో గాలి, వేసుకున్న బట్టలు, పరీక్ష వేళ, ముందు తాగిన కాఫీ ప్రతిసారీ ఒకేలా ఉండాలి. వారానికి ఒకసారి చాలు.

ఆరోగ్యంగా ఉన్నప్పటి అంకె మీ దగ్గర ఉంటే దాన్ని లక్ష్యంగా పెట్టుకోండి. లేకపోతే ఈ వారం అంకెనే మొదటి గీతగా భావించండి. పవర్ మీటరు ఉన్నవారు ప్రతి పరీక్షకు ముందు జీరో ఆఫ్‌సెట్ (బలం పెట్టనప్పుడు మీటరు సున్నా చూపేలా సరిచేయడం) చేయాలి, లేకపోతే ఉదయపు చల్లదనానికి, మధ్యాహ్నపు వేడికి అంకెలు మారిపోతాయి.

పూర్తి బలంతో చేసే 20 నిమిషాల పరీక్షను మాత్రం తిరిగి వచ్చిన మొదటి పది రోజుల్లో చేయవద్దు. దానివల్ల తెలిసేది తక్కువ, అలసట ఎక్కువ.

5. మొదటి వారం: తక్కువ, తేలిక, క్రమం

వారం నుంచి పది రోజుల వరకు ఆగినవారు మొదటి వారంలో తమ మామూలు గంటల్లో సగం మాత్రమే తొక్కండి. మొదటి రెండు రోజులు 40 నుంచి 60 నిమిషాలు, చిన్న గేరులో, మాటలు ధారాళంగా సాగే వేగంతో. మూడో రోజు విశ్రాంతి. నాలుగో రోజు గంటన్నర. ఐదో రోజు గంట ప్రయాణం మధ్యలో పది సెకన్ల స్ప్రింట్లు నాలుగైదు, వాటి మధ్య ఐదేసి నిమిషాల విరామం. ఆరో రోజు కొలత రోడ్డు. మూడు రోజులే ఆగినవారికి ఇదంతా అక్కరలేదు, రెండు తేలిక రోజుల తర్వాత మామూలు పనిలోకి వెళ్లిపోవచ్చు.

రోజూ లేవగానే పక్క మీదే ఒక నిమిషం నాడి లెక్కపెట్టండి. అది మీ మామూలు అంకె కన్నా ఏడెనిమిది ఎక్కువగా వరుసగా రెండు రోజులు ఉంటే, ఆ రోజు పట్టికలో ఏం రాసి ఉన్నా తేలిక రోజే.

నేను ఒక సీజన్‌లో జ్వరం తగ్గిన నాలుగో రోజునే స్నేహితుల గుంపుతో సాలూరు దాటి ఘాట్ ఎక్కాను. పైకి చేరడం చేరాను కానీ, తర్వాతి మూడు వారాలు తేలిక వేగానికే కాళ్లు బరువెక్కేవి. ఆ ఏడాది నా సిరీస్ ఆ ఘాట్ మీదే ముగిసింది.

6. రేసుకూ రేసుకూ మధ్య 14 రోజులు ఎలా వాడాలి

సిరీస్ నడుస్తున్నప్పుడు రేసే అత్యంత కఠినమైన సాధన. దానికి అదే వారంలో మరో మూడు కఠిన దినాలు జోడించనవసరం లేదు. ఆదివారం రేసు అయితే సోమవారం విశ్రాంతి, మంగళ, బుధవారాలు తేలిక. గురువారం మొదటి అసలు పని: ఎనిమిదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు, ఒంటరిగా గంటసేపు నిలపగలిగే గరిష్ఠ వేగానికి కొంచెం దిగువన, మధ్యలో నాలుగు నిమిషాల తేలిక. శనివారం మళ్లీ అదే. ఆదివారం రెండున్నర నుంచి మూడు గంటల నిలకడ ప్రయాణం. రెండో వారం మంగళవారం రెండేసి నిమిషాల గట్టి ప్రయత్నాలు ఐదారు, గురువారం కొలత రోడ్డు. రేసు ముందురోజు 45 నిమిషాలు తేలికగా తొక్కి, మధ్యలో రెండు మూడు చిన్న వేగాలు తీసి సైకిల్ దిగాలి.

రేసులు ప్రతి ఆదివారం ఉంటే, మధ్యవారంలో ఎనిమిది నిమిషాల పని ఒక్కసారి మాత్రమే ఉంచి మిగతాదంతా తేలిక చేయండి.

వరస మార్చవద్దు. ముందు తేలిక గంటలు, తర్వాత నిలకడ వేగం, ఆఖరున పొట్టి గట్టి ప్రయత్నాలు. చాలామంది తిరగేసి, మొదటి రోజే నిమిషం నిమిషం ప్రయత్నాలతో మొదలుపెడతారు. వారం తిరిగేసరికి బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, రెండో వారానికి చతికిలబడతారు.

ఇక రోడ్ల సంగతి. కోతల కాలంలో ధాన్యం, మొక్కజొన్న రోడ్డు మీద ఆరబోస్తారు, ఆ గింజల మీద సన్న టైరు నిలవదు. విజయనగరంలో సిరిమానోత్సవం రోజుల్లో పట్టణంలోకి సైకిల్ తీసుకువెళ్లాలన్న ఆలోచనే పెట్టుకోవద్దు.

7. ఎండకు మళ్లీ అలవాటుపడండి, నీటి లెక్క వేయండి

పడక మీద గడిపిన రోజుల్లో ఎండను ఓర్చుకునే శక్తి కూడా తగ్గుతుంది. అది తిరిగి రావడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. మన తీరంలో వేడి కన్నా ఉక్కపోతదే ఎక్కువ బాధ, ఎందుకంటే చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మొదటి వారం తెల్లవారుజామునే తొక్కి, రెండో వారం నుంచి రేసు జరిగే వేళకు క్రమంగా జరగండి.

చెమట లెక్కకు ఇలా చేయండి. తొక్కేముందు తక్కువ బట్టలతో బరువు చూసుకుని, గంట తొక్కి, ఒళ్లు తుడుచుకుని మళ్లీ చూడండి. 64.0 కిలోలు 63.1 అయి, మధ్యలో అరలీటరు తాగి ఉంటే, గంటకు పోయిన చెమట 1.4 లీటర్లు. అంతా తాగి తీరాలని లేదు, రేసు చివరికి బరువు 2 శాతానికి మించి తగ్గకుండా చూసుకుంటే చాలు. రేసు తర్వాత బరువు పెరిగి ఉంటే అవసరానికి మించి తాగారన్నమాట. ఉత్త నీరు అలా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదం.

ఓఆర్ఎస్ పొట్లం మీద ఎంత నీటికి అని రాసి ఉందో చదవండి. లీటరు నీటికి కలపవలసిన 20.5 గ్రాముల పొట్లాన్ని అరలీటరు సీసాలో గుమ్మరించి, కడుపులో తిప్పుతోందని వచ్చేవాళ్లే ఎక్కువ. లీటరులో గ్లూకోజు 13.5 గ్రాములే కనుక అది నీటికీ ఉప్పుకూ సాయపడుతుంది, శక్తికి సరిపోదు.

8. తిండి

రెండు గంటలు దాటే రేసులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక మోస్తరు పెద్ద అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది, చక్కెరకేళి చిన్నది కనుక ఇంకా తక్కువ. ఖర్జూరాలు, బెల్లం ముక్కలు పనికి వస్తాయి. వేరుశనగ ఉండలు, పలాస జీడిపప్పు మంచి తిండే అయినా కొవ్వు వల్ల నెమ్మదిగా అరుగుతాయి, రేసు తర్వాతకు ఉంచండి. రేసు ఉదయం రెండున్నర గంటల ముందు ఇడ్లీలు, తక్కువ చట్నీతో. చోడి (రాగి) అంబలి రోజూ తాగే అలవాటు ఉన్నవారు తాగవచ్చు, బలం వస్తుందని ఆ రోజే మొదలుపెట్టకూడదు. నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, ఎవరో చెప్పారని ఐరన్ మాత్రలు మింగవద్దు.

9. తిరిగి వచ్చిన మొదటి రేసులో ఎలా తొక్కాలి

గుంపు చివర ఉండటం సురక్షితమని కొత్తవారు అనుకుంటారు. నిజానికి ప్రతి మలుపు తర్వాత ముందున్నవారు కొంచెం వేగం పెంచితే, చివరివారు స్ప్రింట్ చేయవలసి వస్తుంది. ముందరి మూడో వంతులో, ఒకరి చక్రం వెనుక ఉండండి. గుంపు ముందుకు వెళ్లి గాలికి ఎదురు నిలవకండి. ఎవరైనా విడిపోయి పారిపోతే వెంటపడటం ఈ రోజు మీ పని కాదు. కళింగపట్నం వైపు తీరం రోడ్లలాంటి చోట గాలి పక్క నుంచి కొడుతుంది, అప్పుడు చాటు సరిగ్గా వెనుక దొరకదు. గాలి ఎడమ నుంచి వస్తుంటే ముందువాని కుడి వెనుకకు జరగాలి, కానీ ఎదురు వాహనాల వైపు గీత దాటకుండా.

రేసుకు ముందు ఒక లక్ష్యం కాగితం మీద రాసుకోండి. "మూడో ల్యాపు వరకు గుంపులో ఉండాలి" వంటిది చాలు. స్థానం రాసుకోవద్దు.

ఫలితం ఎలా చూసుకోవాలి, ఎక్కడ పొరబడతారు

గుంపు నుంచి ఎన్నో నిమిషంలో, ఎలాంటి చోట జారిపోయారో రేసు రోజు సాయంత్రమే రాసుకోండి. మొదటి ఇరవై నిమిషాల్లో జారితే ఒళ్లు వేడెక్కలేదో, ఇంకా పూర్తిగా కోలుకోలేదో అయి ఉంటుంది. రెండు గంటల తర్వాత జారితే తిండి, నీరు, ఓర్పు చూడాలి. ఎత్తుల దగ్గర మాత్రమే జారితే ఎనిమిది నిమిషాల పనిని ఎత్తు మీదకు మార్చాలి.

ఓర్పుకు మరో పరీక్ష ఉంది. చల్లని వేళ గంటన్నర ఒకే వేగంతో తొక్కి, మొదటి సగంలోని సగటు గుండె వేగాన్ని రెండో సగంతో పోల్చండి. తేడా 5 శాతం లోపు ఉంటే పునాది తిరిగి వచ్చినట్టే. అంతకు మించితే తేలిక గంటలు ఇంకా కావాలి. ఎండలో చేస్తే ఈ పరీక్షకు అర్థం లేదు.

ఫోను యాప్‌లో పాత రికార్డు బద్దలైందని సంబరపడేవారు, ఆ రోజు వెనుక గాలి ఉందా, ముందు బండి ఉందా అని తమను తాము అడగాలి. ఒక్క రోజు చెడ్డ అంకె వచ్చిందని సాధన రెట్టింపు చేసేవారు ముందురోజు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో చూడాలి. కొలత రోడ్డు మీద వరుసగా రెండు వారాలు సమయం మెరుగుపడితే తర్వాతి రేసులో గెలుపు కోసం తొక్కవచ్చు. కదలకుండా ఉంటే వారం మొత్తం గంటలు మూడో వంతు తగ్గించి మళ్లీ కొలవండి. తగ్గించాక కూడా సమయం పెరుగుతూ, లేవగానే చూసే నాడి దిగకపోతే ఆ సిరీస్‌కు పేరు ఉపసంహరించుకుని, నోటు పుస్తకంతో సహా వైద్యుని దగ్గరకు వెళ్లండి.